మే నెలకు సరిపడే కూలర్

కూలర్ అనగానే మన ఇళ్ళలో ముందుగా మనసులో మెదిలేది ఎండాకాలం కిటికీ దగ్గర పెట్టుకునే ఎయిర్ కూలర్. వట్టివేళ్ళ తడికల మీదుగా నీళ్ళు కారుతుంటాయి, ఫ్యాను వాటి గుండా గాలిని లాగుతుంది, నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. అందువల్ల గదిలోకి వచ్చే గాలి బయటి గాలికన్నా నిజంగానే చల్లగా ఉంటుంది. కంప్యూటర్లో ప్రాసెసర్ నెత్తిన బిగించే పరికరాన్ని కూడా కూలర్ అనే పిలుస్తున్నాం. కానీ అది దేన్నీ గదికన్నా చల్లబరచలేదు. ప్రాసెసర్లో పుట్టిన వేడిని మోసుకెళ్ళి గదిలోని గాలికి అప్పజెప్పడమే దాని పని. గదిలో 25 డిగ్రీలుంటే ఆ 25 మీద, 40 ఉంటే ఆ 40 మీద ప్రాసెసర్ వేడి పేరుకుంటుంది.

ఈ సంగతి మొదటే చెప్పడానికి కారణముంది. కూలర్లను పరీక్షించి రాసేవాళ్ళలో ఎక్కువమంది 20, 25 డిగ్రీల మధ్య ఉండే గదుల్లో పరీక్షలు చేస్తారు. ఆ ఫలితాలను నమ్ముకుని రెంటచింతలలోనో రామగుండంలోనో మేడ మీది గదిలో ఏసీ లేకుండా పనిచేసుకునే మనిషి కూలర్ కొంటాడు. జనవరిలో అంతా సవ్యంగానే సాగుతుంది. మే నెల వచ్చేసరికి పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటే అదే కంప్యూటర్, అదే పని, ఫ్యాను మోత మాత్రం గదంతా నిండుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళయితే వీడియో ఎక్స్‌పోర్టుకు పట్టే సమయం పెరిగిందని గమనిస్తారు. మిగతావాళ్ళు అదీ గమనించరు. సరిపడే కూలర్ ఏదన్న ప్రశ్నను మే నెల మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి వెనక్కి లెక్కగట్టాలని నా అభిప్రాయం. ఈ వ్యాసమంతా ఆ లెక్కే.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట భాగాలు విడివిడిగా కొని కంప్యూటర్ కట్టించుకునేవాళ్ళ మాటలు వింటే రెండు వాదాలు వినిపిస్తాయి. ప్రాసెసర్‌తో వచ్చిన స్టాక్ ఫ్యాను చాలు, డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టుకో అనేది ఒకటి. ఎందుకొచ్చిన తలనొప్పి, లిక్విడ్ కూలర్ వేయించేసుకో అనేది రెండోది. రెండూ కొందరి విషయంలో నిజమే. ఎవరి విషయంలో నిజమో తేల్చాలంటే ముందు వాట్ల సంగతి చూడాలి. మనవాళ్ళు పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటారు కాబట్టి ఒక మాట: ఇక్కడ పెట్టెను క్యాబినెట్ అనీ, లోపలి చిప్పును ప్రాసెసర్ అనీ అంటాను.

ప్రాసెసర్ వివరాల్లో టీడీపీ అని ఒక అంకె కనిపిస్తుంది. 65 వాట్లు, 105 వాట్లు, 125 వాట్లు. చాలామంది దీన్ని ప్రాసెసర్ తినే కరెంటు అనుకుంటారు. బల్బు మీద రాసిన వాట్లలాంటిది కాదిది. ఇంటెల్ కోర్ ఐ7-13700 తీసుకోండి. దాని బేస్ పవర్ 65 వాట్లు. అదే ప్రాసెసర్ పూర్తి జోరు మీద పనిచేసేటప్పుడు 219 వాట్ల దాకా తీసుకోవచ్చు. 65 చూసి కూలర్ కొన్నవాడికీ 219 చూసి కొన్నవాడికీ మూడింతల తేడా. ఐ5-12400కి ఈ రెండంకెలు 65, 117. ఐ9-13900కే అయితే 125, 253. 2021 చివర్లో 12వ తరం ప్రాసెసర్లతో ఇంటెల్ పాత టీడీపీ మాటను పక్కనపెట్టి బేస్ పవర్, మ్యాగ్జిమమ్ టర్బో పవర్ అని రెండు అంకెలు విడిగా ప్రకటించడం మొదలుపెట్టింది. కొనేవాడికి అది మేలు చేసిన మార్పు. రెండో అంకె ఎక్కడ ఉందో వెతికి చూడటమే మనవంతు.

ఏఎండీ పద్ధతి ఇంకోలా ఉంటుంది. వాళ్ళ టీడీపీకి ఒక సూత్రం ఉంది: ప్రాసెసర్ మూత మీద ఉండదగ్గ ఉష్ణోగ్రతలోంచి చుట్టూ గాలి ఉష్ణోగ్రతను తీసేసి, దాన్ని కూలర్ ఉష్ణ నిరోధంతో భాగిస్తారు. అంటే అది కరెంటు కొలిచి రాసిన అంకె కాదు, ఎలాంటి కూలర్ కావాలో చెప్పే అంకె. నిజంగా తీసుకునే విద్యుత్తుకు వాళ్ళు పెట్టే హద్దును పీపీటీ అంటారు. ఏఎం5 సాకెట్ మీద మొదట వచ్చిన రైజెన్ 7000 వరుసలో ఇది టీడీపీకి దాదాపు 1.35 రెట్లు: 65కి 88, 105కి 142, 170కి 230. ఈ గుణకం గుర్తుంచుకుంటే ఆ తరం ప్రాసెసర్ల విషయంలో సగం పని అయిపోతుంది.

ఇక కూలర్ పెట్టెల మీద రాసే వాట్లు. 150 వాట్లు, 220 వాట్లు, 260 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గదిలో ఎన్ని డిగ్రీలున్నప్పుడు, ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలకు చేరడాన్ని ఒప్పుకుంటూ, ఫ్యాను ఎంత వేగంతో తిరుగుతుంటే ఆ వాట్లు? ఈ మూడూ చెప్పకుండా ఆ అంకెకు అర్థం లేదు. కంపెనీలన్నీ ఒప్పుకున్న ఉమ్మడి కొలత కూడా లేదు. ఒకరి 220, మరొకరి 180 ఒకే సామర్థ్యం కావచ్చు. ఆస్ట్రియాకు చెందిన నోక్టువా తన కూలర్లకు వాట్లు చెప్పడం మానేసి, తన సొంత కూలర్లను ఒకదానితో ఒకటి పోల్చుకునే రేటింగు ఇస్తుంది, ఏ ప్రాసెసర్‌కు ఏది సరిపోతుందో జాబితా పెడుతుంది. నాకది నిజాయితీ ఉన్న పద్ధతిగా తోస్తుంది. మిగతావాళ్ళవి కొనేటప్పుడు స్వతంత్రంగా చేసిన పరీక్షల్లో ఒకే ప్రాసెసర్ మీద, ఒకే మోత దగ్గర రెండు కూలర్లను పోల్చిన ఫలితం చూడాలి. ఆ పరీక్షలో గది ఉష్ణోగ్రత ఎంతో చెప్పని ఫలితాన్ని వదిలేయడమే మంచిది.

వేడి ఇంత సమస్య ఎప్పుడయిందో చూస్తే ఇప్పటి ప్రాసెసర్ల తీరు కొంత తెలుస్తుంది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004కు హీట్ సింక్ అవసరమే లేదు. 1990ల మొదట్లో 486, పెంటియం రోజుల్లో చిన్న అల్యూమినియం దిమ్మ, దాని మీద బుల్లి ఫ్యాను వచ్చాయి. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ వోల్టేజీ కూడా తగ్గుతుంది కాబట్టి చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించిన సూత్రం మూడు దశాబ్దాలు పరిశ్రమను నడిపించింది. 2000 దాటాక అది సడలింది. 2001లో ఇంటెల్‌కు చెందిన పాట్ గెల్సింగర్ ఒక సాంకేతిక సదస్సులో, ఇదే ధోరణి సాగితే చిప్పుల మీద వేడి సాంద్రత అణు రియాక్టర్‌ను, ఆ తర్వాత రాకెట్ నాజిల్‌ను చేరుతుందని హెచ్చరించాడు. 2004లో వచ్చిన పెంటియం 4 ప్రెస్కాట్ 115 వాట్ల దాకా వెళ్ళింది. దాని తర్వాత రావలసిన తేజస్ అనే ప్రాసెసర్‌ను అదే ఏడు మే నెలలో ఇంటెల్ రద్దు చేసుకుంది. ఒక్క కోర్ వేగం పెంచుకుంటూ పోవడం ఆగి, కోర్ల సంఖ్య పెంచే దారి అక్కడినుంచి మొదలయింది.

అదే కాలపు మరో సంఘటన నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైటు వాళ్ళు నడుస్తున్న కంప్యూటర్ల మీంచి కూలర్ పీకేసి ఏమవుతుందో వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్ పొగ కక్కి మాడిపోయింది. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది. ఇప్పటి ప్రాసెసర్లన్నీ ఆ పెంటియం 4 దారిలోనే నడుస్తాయి. హద్దు దగ్గరకు రాగానే తమంతట తాము నెమ్మదిస్తాయి. ఇంటెల్ 12, 13, 14వ తరాల్లో ఆ హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89. దీనివల్ల మేలూ జరిగింది, ఒక చిక్కూ వచ్చింది. కూలర్ చాలకపోతే ఇప్పుడు ఏదీ కాలదు, ఏ హెచ్చరికా రాదు. డబ్బు పోసి కొన్న వేగంలో కొంత భాగం చడీచప్పుడు లేకుండా పోతుంది.

వేడి ఎంత పుడుతుందన్నదే కాదు, ఎంత చోటులో పుడుతుందన్నదీ ముఖ్యం. ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లది అనుకుందాం. దాని అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 0.05 వాట్లు. రైజెన్ 7000 ప్రాసెసర్లలో కోర్లుండే చిప్పు ముక్క దాదాపు 71 చదరపు మిల్లీమీటర్లు, గోరంత. అందులో 100 వాట్లు ఖర్చయితే చదరపు మిల్లీమీటరుకు 1.4 వాట్లు. ఇస్త్రీ పెట్టెకన్నా పాతిక రెట్లకు పైగా. ఈ వేడి ముందు సిలికాన్‌ను దాటాలి, టంకాన్ని దాటాలి, ప్రాసెసర్ మీది రాగి మూతను దాటాలి, పేస్టును దాటాలి. అప్పటికి గానీ కూలర్ దాకా రాదు. ఆ దారి ఇరుకైనప్పుడు చివర ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఒక మేరకు మించి లాభం ఉండదు. రైజెన్ 7 7700ఎక్స్ లాంటివి మంచి కూలర్ల కింద కూడా పూర్తి పనిలో 95కు చేరడానికి కారణం ఇదే. ఏఎండీ కూడా ఆ తరాన్ని 95 దాకా వెళ్ళి అక్కడ నిలబడి పనిచేసేలాగే రూపొందించింది. అది చూసి కంగారుపడి ఖరీదైన కూలర్లు మార్చినవాళ్ళున్నారు. వాళ్ళకు ఉష్ణోగ్రత మారలేదు, అదే 95 దగ్గర వేగం కొద్దిగా పెరిగిందంతే. పేర్లో ఎక్స్3డీ ఉన్నవాటిలో, అంటే 3డీ క్యాష్ అనే అదనపు మెమరీ ముక్క ఉన్న ప్రాసెసర్లలో, మొదట్లో ఆ క్యాష్ ముక్కను కోర్ల చిప్పు మీద పేర్చారు. వేడి దాన్ని కూడా దాటి రావాలి. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో దాన్ని కిందికి మార్చారు. ఆ ఒక్క మార్పుతో అదే కూలర్ కింద ఎక్కువ వేగం సాధ్యమయింది.

ఇప్పుడు కూలర్ల రకాలు.

స్టాక్ కూలర్ అంటే అల్యూమినియం రెక్కల గుండ్రటి దిమ్మ, కొన్నింటిలో మధ్యలో రాగి ముక్క, పైన ఫ్యాను. ఏఎండీ రెయిత్ స్టెల్త్, ఇంటెల్ లామినార్ ఆర్ఎం1 ఇలాంటివే. వీటిని తీసిపారేయకూడదు. ఐ3-12100కి, ఐ5-12400కి, రైజెన్ 5 7600కి ఇవి రాతపని, లెక్కలు, ఆన్‌లైన్ క్లాసులు, మామూలు ఆటల వరకు సరిపోతాయి. గాలి కిందికి కొట్టడంవల్ల మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కనుండే వోల్టేజీ భాగాలకూ చల్లదనం అందుతుంది. నిలువుగా నిలబడి గాలిని పక్కకు కొట్టే టవర్ కూలర్లలో ఆ ప్రయోజనం తక్కువ. అయితే మే నెలలో ఇవి మోత పెడతాయి. పైన చెప్పిన ఐ7-13700తో కూడా అదే లామినార్ ఆర్ఎం1 ఇచ్చారు. 219 వాట్ల జోరుకు అది ఏ నెలలోనూ చాలదు. పేరు చివర కే ఉన్న ఇంటెల్ రకాలతో, ఎక్స్ ఉన్న ఏఎండీ ఏఎం5 రకాలతో అసలు కూలరే రాదు. ఆ డబ్బు విడిగా పక్కన పెట్టుకోవాలి.

టవర్ కూలర్ అసలు గుట్టు హీట్ పైపులో ఉంది. చూడటానికి రాగి కడ్డీలా ఉంటుంది గానీ అది బోలు గొట్టం. లోపలి గాలి తీసేసి, కొద్దిగా నీళ్ళుంచి మూసేస్తారు. గాలి లేదు కాబట్టి నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ప్రాసెసర్ దగ్గర ఆవిరై, పైన రెక్కల దగ్గర చల్లబడి మళ్ళీ నీరవుతుంది, గొట్టం లోపలి గోడలకున్న వత్తిలాంటి పొర దాన్ని కిందికి లాక్కొస్తుంది. దీపం వత్తి నూనెను లాక్కున్నట్టే. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌల్స్ కావాలి కాబట్టి చెంచాడు నీళ్ళు కూడా లేకుండానే ఇంత వేడి మోయగలదు. పంపు లేదు, కదిలే భాగం లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని అంతరిక్ష అవసరాల కోసం రూపొందించాడు. ఇవాళ రెండు మూడు వేల రూపాయల కూలర్లో నాలుగు ఉంటాయి. చదువుకున్న భౌతికశాస్త్రం ఇంత చవగ్గా, ఇంత నమ్మకంగా ఇంట్లో పనిచేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది.

నాలుగు హీట్ పైపులు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న ఒంటి టవర్, ఉదాహరణకు డీప్‌కూల్ ఏకే400, కూలర్ మాస్టర్ హైపర్ 212 కుటుంబం, మనలో అత్యధికులకు సరిపడే కూలర్. ఆరు పైపులు, రెండు ఫ్యాన్లు ఉన్న జంట టవర్ దానికి పై మెట్టు. ఒకప్పుడు ఈ తరగతిలో పేరున్నది 2014లో వచ్చిన నోక్టువా ఎన్‌హెచ్-డీ15. ఫ్యాన్లతో కలిపి 1.32 కిలోల బరువు, 165 మిల్లీమీటర్ల ఎత్తు, ధర కూడా అంతే ఎత్తు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ లాంటివి దానికి దగ్గరగా వచ్చే పనితీరును దాని ధరలో చిన్న భాగానికే ఇవ్వడంతో గత కొన్నేళ్ళలో ఈ మార్కెట్ స్వరూపమే మారింది. నోక్టువాలో మిగిలిన ఆధిక్యం ఫ్యాను నాణ్యత, కొత్త సాకెట్లు వచ్చినప్పుడు బిగింపు సామాను ఇచ్చే అలవాటు. పదేళ్ళు వాడాలనుకునేవాళ్ళకు అది విలువైనదే.

లిక్విడ్ కూలర్ల గురించి అపోహలెక్కువ. 2009లో కోర్సెయిర్ హెచ్50 వచ్చినప్పటినుంచి నింపి మూసేసిన ఈ రకం ఇంటింటికీ చేరింది. నీళ్ళంటే చల్లగా ఉంటుందని చాలామంది ఊహ. నీళ్ళు కూడా రేడియేటర్ దగ్గర గది గాలికే వేడిని అప్పజెప్పాలి, అంతకన్నా చల్లబడవు. దాని అసలు లాభం మూడు చోట్ల. రేడియేటర్‌ను క్యాబినెట్ అంచున పెట్టొచ్చు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కాచిన గాలి కాకుండా బయటి గాలి తీసుకోవచ్చు. 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు మూడు ఫ్యాన్లుంటాయి కాబట్టి ఒక్కొక్కటి నెమ్మదిగా తిరిగినా చాలు. నీటికి వేడిని దాచుకునే గుణం ఉంది కాబట్టి అరనిమిషం పాటు వచ్చే జోరును చప్పుడు లేకుండా మింగేస్తుంది. ఈ మూడో గుణమే పరీక్షల్లో మోసం కూడా చేస్తుంది. ఐదు నిమిషాల పరీక్షలో లిక్విడ్ కూలర్ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. నీళ్ళు పూర్తిగా వేడెక్కాక, అంటే ఇరవై ముప్పై నిమిషాల తర్వాత చూడాలి.

120 మిల్లీమీటర్ల చిన్న లిక్విడ్ కూలర్ కొనడం దండగ. మంచి ఒంటి టవర్ దానికి దీటుగా పనిచేస్తుంది, సగం ధరకు, పంపు లేకుండా. 240ది జంట టవర్‌తో పోటీ పడుతుంది, గెలుపోటములు మోడల్‌ను బట్టి మారతాయి. నిజంగా తేడా కనిపించేది 280, 360 దగ్గర, అదీ 200 వాట్లు దాటే ప్రాసెసర్ల మీద. ఎదురుగా పెట్టుకోవాల్సిన లెక్క ఇంకోటుంది. టవర్ కూలర్లో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే, అది కొన్ని వందల రూపాయలతో మారుతుంది. లిక్విడ్‌లో పంపు ఆగినా, రబ్బరు గొట్టాల గోడల గుండా ఏళ్ళ తరబడి నీరు ఇగిరిపోయినా మొత్తం మార్చాలి. బిగించేటప్పుడు లోపలి గాలి బుడగ పంపులో చేరకుండా రేడియేటర్ పై అంచు పంపుకన్నా ఎత్తులో ఉండాలి. రోజుకు పలుమార్లు కరెంటు పోయి వచ్చే ఊళ్ళో, బాగుచేసేవాళ్ళు దగ్గర్లో లేని చోట ఉండేవాళ్ళకు నేను టవరే చెబుతాను.

ఇక మొదటి పేరాలోని 40 డిగ్రీల దగ్గరకు వద్దాం. గదిలో 25 ఉన్నప్పుడు ప్రాసెసర్ 150 వాట్లు తీసుకుంటూ 75 డిగ్రీలు చూపిస్తోందనుకోండి. తేడా 50. అంటే వాట్‌కు మూడో వంతు డిగ్రీ. ఇదే అమరిక 40 డిగ్రీల గదిలో 90 చూపిస్తుంది. నిజానికి వేడెక్కిన సిలికాన్ ఇంకాస్త కరెంటు లీకు చేస్తుంది కాబట్టి అంతకన్నా కొంచెం ఎక్కువే. అదే 200 వాట్లయితే గదిలో 25 ఉన్నప్పుడు 92. గట్టెక్కినట్టే. 40లో 107 కావాలి, ఆ అంకెను ప్రాసెసర్ ఒప్పుకోదు, 100 దగ్గర వేగం తగ్గించేస్తుంది.

దీన్నే తిరగేస్తే కూలర్ ఎంత కావాలో వస్తుంది. ప్రాసెసర్ 85 దాటకూడదు అనుకుందాం. మే నెలలో మీ గది 38. క్యాబినెట్ లోపలి గాలి గదికన్నా కనీసం ఏడు డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకోండి, 45. మిగిలింది 40 డిగ్రీలు. ప్రాసెసర్ 88 వాట్లదయితే వాట్‌కు 0.45 డిగ్రీల పెరుగుదల తట్టుకోవచ్చు. చిన్న టవర్ చాలు. 120 వాట్లయితే 0.33, మంచి టవర్ కావాలి. 253 వాట్లయితే 0.16. చిప్పు నుంచి గాలి దాకా అంతటినీ కలుపుకుని అంత తక్కువ నిరోధం ఇచ్చే కూలర్, గాలిదైనా నీళ్ళదైనా, దుకాణంలో దొరకదు. ఐ9 లాంటిదాన్ని హద్దులు లేకుండా మే నెలలో ఏసీ లేని గదిలో నడపడం డబ్బుతో తీరే సమస్య కాదు.

దాని పరిష్కారం కూలర్లో లేదు, మదర్‌బోర్డు అమరికలుండే బయాస్‌లో ఉంది. ప్రాసెసర్ తినే కరెంటు వోల్టేజీ వర్గంతో, వేగంతో కలిసి పెరుగుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసం వోల్టేజీ బాగా పెంచాల్సి వస్తుంది, అందువల్ల చివరి ఐదు శాతం పనికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. చాలా మదర్‌బోర్డులు ప్రాసెసర్ కంపెనీ చెప్పిన హద్దును కూడా ఎత్తేసి వదిలేస్తుంటాయి. బయాస్‌లోకి వెళ్ళి ఐ7-13700కి 125 వాట్ల హద్దు పెట్టినా, 7950ఎక్స్‌కి ఎకో మోడ్ ఎంచుకున్నా కరెంటు భారీగా తగ్గుతుంది, వేగం మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. ఆటలాడేవాళ్ళకయితే ఆ తగ్గుదల దాదాపు కనిపించదు, ఎందుకంటే ఆటలు అన్ని కోర్లనూ ఒకేసారి పూర్తిగా వాడవు. 7800ఎక్స్3డీ హద్దు 162 వాట్లయినా ఆటల్లో 100కు దిగువనే తిరుగుతుంటుంది. అందుకే దానికి ఒంటి టవర్ చాలు. కూలర్ కొనే ముందు ఈ హద్దు ఎంత పెట్టుకుంటారో తేల్చుకోమని నేను గట్టిగా చెబుతాను. మరో సంగతి: 200 వాట్లు తినే ప్రాసెసర్ గదిలో 200 వాట్ల హీటర్. కూలర్ ఎంత గొప్పదైతే అంత చక్కగా ఆ వేడిని మీ గదిలోకి నెడుతుంది. ఏసీ ఉంటే ఆ వేడిని బయటికి తోయడానికి మళ్ళీ కరెంటు కట్టాలి.

క్యాబినెట్‌ను మరిచి కూలర్ గురించి మాట్లాడటం, కిటికీలు మూసి ఫ్యాను కొనడంలాంటిది. ముందు భాగమంతా అద్దం బిగించి రంగుల లైట్లు పెట్టిన క్యాబినెట్లు చూడటానికి బాగుంటాయి, గాలి పీల్చలేవు. ఆర్‌టీఎక్స్ 4070 లాంటి గ్రాఫిక్స్ కార్డు 200 వాట్లు, 4090 అయితే 450 వాట్లు అదే పెట్టెలోకి వదులుతుంది, ఆ గాలినే ప్రాసెసర్ కూలర్ తీసుకుంటుంది. ముందు జాలీ ఉన్న క్యాబినెట్, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు, ఫిల్టర్ గుండానే రావాలి. మన ఊళ్ళలో దుమ్ము చిన్న విషయం కాదు. ఒక ఏప్రిల్‌లో మా ఇంటి కంప్యూటర్ ఫ్యాను మోత భరించలేక కూలర్ మార్చాలనుకుని విప్పితే, రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పట్టి ఉంది. బ్రష్షుతో దులిపి, పేస్టు మార్చితే అదే పనిలో పన్నెండు డిగ్రీలు తగ్గింది. కొత్త కూలర్ కొనలేదు.

ఫ్యాను వేగం రెట్టింపయితే మోత సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి పెద్ద కూలర్ మీద పెట్టే డబ్బులో చాలా భాగం నిశ్శబ్దానికి పెట్టేదే. చదువుకునే గదిలో, పసిపిల్లలు పడుకునే గదిలో కంప్యూటర్ ఉంటే ఆ ఖర్చు సమంజసం. బయాస్‌లో ఫ్యాను వేగం క్షణానికోసారి మారకుండా కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టుకుంటే చీటికిమాటికి ఫ్యాను అరుపు కూడా పోతుంది.

కొనేముందు కొలవాల్సినవి కొన్ని ఉన్నాయి. క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్ పడుతుందో దాని వివరాల్లో మిల్లీమీటర్లలో ఉంటుంది. 155, 165 మధ్య తేడా దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. టవర్ ముందు ఫ్యాను ర్యామ్ మీదికి వస్తుందా, ఎత్తైన ర్యామ్ అయితే తగులుతుందా చూడాలి. సాకెట్ సంగతి: ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కు పడతాయి, వెనక పలకను మార్చే రకాలు తప్ప. ఇంటెల్ ఎల్‌జీఏ1700కు పాత కూలర్లయితే కొత్త బిగింపు సామాను కావాలి.

బిగించేటప్పుడు అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయాలి. కట్టించుకున్న ప్రతి కంప్యూటర్‌లో ఇది తీశారో లేదో ఒకసారి అడగండి. స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకు వెళ్తే ఒత్తిడి సమంగా పడదు. స్టాక్ ఇంటెల్ కూలర్ ప్లాస్టిక్ పిన్నుల్లో ఒక్కటి ఊడినా ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది, అది వెనకవైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. పేస్టు శనగ గింజంత చాలు. వేడిని మోసే శక్తి ఒకే కొలతలో రాగికి సుమారు 400 అయితే మంచి పేస్టుకు పది అటూ ఇటూ. అది ఖాళీ సందుల్లోని గాలిని తరిమేయడానికే, పొర మందమైతే నష్టం. ఏఎం4 ప్రాసెసర్ మీంచి కూలర్ తీసేటప్పుడు ముందు కంప్యూటర్‌ను పావుగంట నడిపి పేస్టును వేడెక్కించి, మెల్లగా తిప్పుతూ తీయాలి. లాగితే పిన్నులతో సహా ప్రాసెసరే ఊడి వస్తుంది. గేలియంతో చేసిన లిక్విడ్ మెటల్ జోలికి కొత్తవాళ్ళు వెళ్ళకూడదు, అది అల్యూమినియంను తినేస్తుంది, చింది పడితే బోర్డునూ చెడగొడుతుంది.

ఇక ఎవరికేది. ఆఫీసు పని, పిల్లల చదువు, నాలుగు నుంచి ఆరు కోర్ల 65 వాట్ల ప్రాసెసర్: స్టాక్ కూలర్‌తో మొదలుపెట్టండి, మే నెలలో మోత విసిగిస్తే ఒంటి టవర్ వేయించండి. ఆటలు, మధ్యస్థాయి ఎడిటింగ్: ఒంటి టవర్, మిగిలిన డబ్బు జాలీ క్యాబినెట్‌కు. పది, పన్నెండు కోర్లు దాటి రోజూ గంటల తరబడి వీడియో, త్రీడీ, కోడ్ కంపైలింగ్ చేసేవాళ్ళకు జంట టవర్, బయాస్‌లో వాట్ల హద్దు. హద్దు పెట్టడం కుదరని, కాలంతో పోటీపడే వృత్తిలో ఉన్నవాళ్ళకు 360 లిక్విడ్, దానితోపాటు గదికి ఏసీ. అమెరికాలో, అందులోనూ చలి రాష్ట్రాల్లో ఉన్న మన పిల్లలు పంపే సలహాలు ఇక్కడికి వచ్చేసరికి ఒక మెట్టు పైకి జరపాలి. వాళ్ళ గదికీ మన గదికీ ఉన్న పదిహేను డిగ్రీల తేడాయే ఆ మెట్టు.

ఇప్పుడున్న కూలర్ సరిపోతోందా లేదా అన్నది ఒక మధ్యాహ్నంలో తేల్చుకోవచ్చు. ఎండ బాగా ఉన్న రోజు, మూడు గంటల వేళ, క్యాబినెట్ ముందు జాలీ దగ్గర ఒక థర్మామీటర్ ఉంచండి. ప్రాసెసర్ అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, దానికి పూర్తి పని పెట్టే సినీబెంచ్‌ను అరగంట వదిలేయండి. చివర్లో నాలుగు అంకెలు రాసుకోండి: థర్మామీటర్ చూపేది, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, అది తీసుకుంటున్న వాట్లు, కోర్ల వేగం. మీరు రోజూ చేసే పనితో కూడా అదే అరగంట మరోసారి చేయండి. రెండో పరీక్షలో వేగం మొదటి నిమిషంలో ఉన్నంతే చివర్లోనూ ఉంటే, మోత మీకు భరించేటంతే ఉంటే, ఉన్న కూలర్‌ను అలాగే ఉంచండి. వేగం జారిపోతుంటే ముందు దుమ్ము దులిపించండి, తర్వాత పేస్టు, ఆ తర్వాత బయాస్‌లో వాట్ల హద్దు. అప్పటికీ జారుతుంటే రాసుకున్న నాలుగు అంకెల కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్ళండి.